ప్రెసిడెంటుగారి పొయ్యి మీద గిన్నె

మా అత్తగారు ఆర్డిత్ ఎవరిచేతా మాట పడే మనిషి కాదు. బ్యాంకు మేనేజరైనా సరే, చర్చిలో పాస్టరైనా సరే, నిలబెట్టి కడిగేస్తుంది. అలాంటిది ఒక్క మాట దగ్గర మాత్రం కిక్కురుమనకుండా ఊరుకునేది. ఆ మాట అనేది ఆవిడ సొంత అక్క లవోన్. థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి మా ఇంటికి వస్తుందా, కోటైనా విప్పకుండా తిన్నగా వంటింట్లోకి వెళ్ళి అరల తలుపులన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసేది. "నా గిన్నె ఎక్కడ దాచావే దొంగమొహమా?" అనేది నవ్వుతూ. చుట్టాలంతా పకపకా నవ్వేవాళ్ళు. మా అత్తగారూ నవ్వేది. తరవాత పళ్ళాలు కడిగేటప్పుడు కుళాయి జోరుగా తిప్పుకుని ఏడ్చేది. నేను కోడలిగా వచ్చిన మొదటి ఏడే అది నా కంటపడింది. మా పెద్దత్తయ్య లవోన్ నోరు ఎప్పటికైనా మూయించాలని అప్పుడే అనుకున్నాను, కానీ ఆవిడ నోరు మూయించడం నా తరమా.

ఇంతకీ ఆ గిన్నె వాళ్ళమ్మది. లేత ఆకుపచ్చ రంగు, మందంగా, పాలు కలిపినట్టుండే గాజు. ఓవెన్‌లో పెట్టుకునేది. అటూ ఇటూ రెండు చెవులు, పైన మూత. తల్లి పోయాక పెద్దమ్మాయిగా లవోన్ తీసుకుంది. కొన్నేళ్ళకు మా అత్తగారు ఒక్కరోజుకని అరువడిగింది. ఎందుకంటే ఆ వారమే మా ఊరి ప్రెసిడెంటుగారి భార్య కన్నుమూసింది.

మా ఊరు బార్లో. మొక్కజొన్న చేల మధ్య, ఒక రైల్వే గేటు, రెండు చర్చిలు, ఒక ప్రెసిడెంటు. ఆయన ఇక్కడే పుట్టాడు, వైట్‌హౌస్‌లో ఉండాల్సినన్నాళ్ళు ఉండి మళ్ళీ ఇక్కడికే, మేపుల్ వీధిలో తెల్లరంగు చెక్క ఇంటికే వచ్చాడు. రాజధానిలో లైబ్రరీ కడతాం, మీ కాగితాలన్నీ ఇవ్వండి అంటే, నా కాగితాలు నా ఊళ్ళోనే ఉంటాయని మొండికేశాడట. చివరికి లైబ్రరీ, దాంతోపాటు మ్యూజియం ఇక్కడే కట్టారు, కంకరంతా మా రైతులు ఊరికే తోలారు. నా విగ్రహం వద్దు, ఆ డబ్బుతో కార్లు నిలుపుకునే చోటు వెయ్యండి అన్నాడట. ఇప్పటికీ విగ్రహం లేదు, కార్లు నిలుపుకునే చోటు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఇవన్నీ నేను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మా పిల్లలు బడికెళ్ళడం మొదలైనప్పటి నుంచీ ఆ మ్యూజియంలో గైడుని నేనే కదా.

మా ఊళ్ళో ఎవరైనా పోతే ఆ ఇంటివాళ్ళని వండుకోనివ్వం. తలా ఒకటి వండి పట్టుకెళ్తాం. గిన్నె అడుగున టేపు ముక్క అంటించి మన పేరు రాస్తాం. వాళ్ళు కుదుటపడ్డాక గిన్నె కడిగి, ఉత్త గిన్నె ఇవ్వకుండా నాలుగు కుకీలో రెండు ఆపిళ్ళో వేసి పంపిస్తారు. ఈలోగా మన గిన్నె మనం అడగకూడదు. నెలలైనా, ఏళ్ళైనా అడగకూడదు. దుఃఖంలో ఉన్నవాళ్ళని గిన్నె అడిగిందట అని పేరొస్తే ఇక ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేం. ప్రెసిడెంటుగారి భార్య పోయినప్పుడూ అంతే జరిగింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా మేపుల్ వీధి ఇంటి పెరటి గుమ్మం దగ్గర వరస కట్టారు. కాపలా పోలీసులు గిన్నెలు అందుకుని లోపల పెట్టారు. ఆ తిండంతా వాళ్ళే తిన్నారని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. తరవాత గిన్నెలన్నీ చర్చికి చేరాయి, ఎవరివి వాళ్ళు తెచ్చుకున్నారు. లవోన్ గిన్నె ఒక్కటే రాలేదు.

"ఊరందరి గిన్నెలూ వచ్చాయి, నాదొక్కటే మాయమైందా?" అంది లవోన్. చెల్లెలికి ఆ గిన్నె మీద మొదటి నుంచీ మోజని ఆవిడకి తెలుసు. దాచుకుందని తీర్మానించేసింది. అదిగో, ఆ రోజు నుంచి నలభై ఏళ్ళుగా ఇదే పాట. ఇద్దరికీ ఎనభై దాటాయి. లవోన్ పక్క ఊళ్ళో వృద్ధుల వసతిగృహానికి మారింది. ఈ చలికాలం మా అత్తగారికి గుండె నొప్పి వచ్చి తగ్గింది. ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని ఆవిడ అన్నదేమిటో తెలుసా? కొడుకు గురించి కాదు, మనవల గురించి కాదు. "రోండా, నేను పోయినా అది నన్ను దొంగనే అనుకుంటుంది" అంది. 

ఇలా ఉండగా మొన్న మే నెలలో మేపుల్ వీధి ఇంటి వంటగది తెరిచారు. ఇల్లు మ్యూజియంలో భాగమే అయినా, వంటగది నేల కుంగిందని అన్నేళ్ళూ అటువైపు తలుపు మూసే ఉంచారు. నేనైనా ఆ గుమ్మం దాకా జనాన్ని తీసుకెళ్ళి, ఇక్కడ వంటగది ఉంది అని చెప్పి వెనక్కి తిప్పేదాన్ని. నేల బాగుచేశాక మొదటిరోజు ఊరివాళ్ళని ఉచితంగా రమ్మన్నారు. మా అత్తగారు ముత్యాల దండ వేసుకుని మరీ వచ్చింది.

పొయ్యి మీద పెట్టి ఉంది గిన్నె. మూతతో సహా. పక్కనే చిన్న అట్ట మీద, ప్రెసిడెంటుగారికి భార్య స్వయంగా వండిపెట్టిన గిన్నె అని అచ్చువేసి ఉంది.

నేను పదిమందికి ఆ గది సంగతులు చెబుతున్నాను. మా అత్తగారు అడ్డంగా కట్టిన తాడు పట్టుకుని నిలబడిపోయింది. వెనకవాళ్ళు జరగమన్నా జరగదు. మొహం పాలిపోయింది. మళ్ళీ గుండె నొప్పేమోనని నేను గబగబా వెళ్ళాను.

"రోండా, అది మా అమ్మ గిన్నె" అంది.

"అత్తయ్యా, కాస్త నెమ్మదిగా."

"నెమ్మదేమిటి, నా మొహం. నేను తెచ్చిచ్చింది. ఇదే గుమ్మంలో, ఈ చేతులతో ఇచ్చాను" అంటూ తాడు కింద నుంచి దూరబోయింది. వెంటనే బీప్ బీప్ మని మోత మొదలైంది. కాపలా కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. వాడికి ఆదివారం బడిలో పాఠాలు చెప్పింది మా అత్తగారే, కాబట్టి వాడు పట్టుకోలేడు, వదల్లేడు. చివరికి నేనే ఆవిణ్ణి నడుం పట్టుకుని బయటికి తెచ్చి వరండాలో కూర్చోబెట్టాను. ఆవిడ ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ ఒకేసారి.

మ్యూజియంలో వస్తువులన్నిటికీ బాధ్యురాలు డాక్టర్ ఎస్పినోజా. మందులిచ్చే డాక్టరు కాదు, చదువుల డాక్టరు. న్యూమెక్సికో నుంచి వచ్చిన చిన్న వయసు మనిషి. ఈ పిల్లకి మన ఊరి సంగతులేం అర్థమవుతాయిలే అని నేను మొదట్లో తేలిగ్గా తీసుకున్నాను గానీ, చాలా మంచి మనిషి. మా అత్తగారు చెప్పిందంతా నవ్వకుండా, మధ్యలో అడ్డం రాకుండా వింది. తరవాత ఆ ఇంటి కథ ఆవిడే మాకు చెప్పింది. ఇన్నేళ్ళు గైడుగా చేసినా నాకు తెలియని కథ. ప్రెసిడెంటుగారు ముందే పోయారు, ఆయన భార్య తన తరవాత ఇల్లు దేశానికి చెందేలా రాసిచ్చింది. ఆవిడ్ని పూడ్చిపెట్టిన మర్నాడే ప్రభుత్వం మనుషులు వచ్చి తలుపులు మూసి, చెంచాతో సహా ప్రతి వస్తువుకీ ఒక నంబరు వేశారు. పేర్లున్న గిన్నెలు పక్కన పెట్టి చర్చికి పంపారు. పేరు లేనివన్నీ ఇంటావిడవే అనుకున్నారు.

"మీ గిన్నెకి పేరు అంటించలేదా?" అని అడిగింది డాక్టర్.

మా అత్తగారు మొహం చిట్లించుకుంది. ఆ సంగతి మాకెవ్వరికీ ఎన్నడూ చెప్పలేదు. టేపు చేతిలో పట్టుకుని అరగంట ఆలోచించిందట. తన పేరు రాస్తే, అక్క గిన్నె తనదని చెప్పుకున్నట్టవుతుంది. పోనీ అక్క పేరు రాద్దామంటే, తెల్లారగట్ల లేచి బంగాళాదుంపలు తరిగి, హామ్ ముక్కలు వేసి, చీజ్ తురిమి వండింది తనైతే, ప్రెసిడెంటుగారింట్లో మెప్పు లవోన్‌కి పోతుంది. అది మాత్రం ప్రాణం పోయినా ఒప్పుకోలేకపోయింది. ఆఖరికి ఏ పేరూ రాయకుండా పట్టుకెళ్ళింది. నాకు నవ్వాగలేదు. మా ఊరి ఆడవాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఇలాంటి చిక్కు రాదు.

డాక్టర్ ఎస్పినోజా మాత్రం సాక్ష్యం కావాలంది. నేను నమ్ముతున్నాను గానీ నా నమ్మకం చాలదు, గిన్నెకి ఏదైనా గుర్తు చెప్పగలరా అని అడిగింది. మా అత్తగారి దగ్గర గిన్నె ఉన్నది ఒక్క రోజు. ఏం గుర్తు చెబుతుంది? చెప్పగలిగితే దాన్ని ఏళ్ళ తరబడి వాడిన మనిషే చెప్పాలి.

"అది రాదు. వచ్చినా నిజం చెప్పదు. నలభై ఏళ్ళు నన్ను దొంగని చేసి, ఇప్పుడు కాదని ఒప్పుకుంటుందా?" అంది మా అత్తగారు. నా మనసులోనూ అదే భయం. అయినా సాయంత్రం ఫోన్ చేశాను. పెద్దత్తయ్య అంతా విని, "ఓహో, మీ అత్త బీరువాలో ఉందనుకున్నానే, ప్రెసిడెంటు ఇంటికి ఎప్పుడు చేరవేసింది?" అంది. ఆ క్షణాన ఫోన్‌లోంచి చెయ్యి పెట్టి ఆవిడ జుట్టు పట్టుకోవాలనిపించింది. పళ్ళు కొరుక్కుని, శనివారం పొద్దున్న తీసుకెళ్తాను, తయారుగా ఉండండి అన్నాను. మంచి కోటు వేసుకోనా అని అడిగింది. అంటే వస్తుందన్నమాటే.

శనివారం మ్యూజియం తెరవకముందే నలుగురం వంటగది బయట ఉన్నాం. పెద్దత్తయ్య చక్రాల కుర్చీలో, పెదవులకి ఎర్రరంగు వేసుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు గానీ పలకరించుకోలేదు. మా అత్తగారు చేతిసంచి రెండు చేతులతో గుండెకి అదుముకుని నిలబడింది. 

డాక్టర్ ఎస్పినోజా తలుపు తెరవలేదు. ముందు గుర్తు చెప్పండి, తరవాత చూద్దాం అంది. పెద్దత్తయ్య తడుముకోకుండా చెప్పింది. మూత లోపలివైపు, సరిగ్గా పిడి కింద, గాజులో చిన్న బుడగ ఉంటుంది, కంటికి ఆనదు, వేలితో రాస్తే తగులుతుంది అని. తలుపు తెరిచారు. డాక్టర్ చేతులకి తొడుగులు వేసుకుని, మూత తీసి, తిరగేసి, వేలితో మెల్లిగా రాసింది. రాస్తూ ఒకచోట ఆగింది. "ఉంది" అంది.

మా అత్తగారు గట్టిగా ఊపిరి వదిలింది. నేను పెద్దత్తయ్య మొహమే చూస్తున్నాను. ఇప్పుడైనా ఒక్కమాట అంటుందా అని. ఆవిడ పొయ్యి వంకా, గిన్నె వంకా చూస్తూ కూర్చుంది. 

"అయితే ఇది మీదేనమ్మా. రాసుకుంటాను" అంది డాక్టర్.

"నాది కాదు. దానిది" అంది పెద్దత్తయ్య, చెల్లెలి వైపు చెయ్యి చూపించి.

మా అత్తగారి మొహం ఎర్రబడింది. "ఇంకా అదేనా? కళ్ళముందు కనిపిస్తున్నా అదే మాటా? నేనింక ఏం చూపించి చావాలే అక్కా?" అంటూ గుమ్మం వైపు తిరిగింది. నాకూ ఒళ్ళు మండింది. చక్రాల కుర్చీ ఉన్నపళంగా వెనక్కి తిప్పేద్దామనుకున్నాను.

"ఆగవే ఆర్డీ. దొంగవని అనట్లేదు. నిజంగా నీదే. అమ్మ నీకివ్వమంది."

మా అత్తగారు ఆగిపోయింది. వాళ్ళమ్మ పోయిన రోజున ఆవిడ అక్కడ లేదు. ఆసుపత్రిలో మా ఆయన్ని కంటోంది. తల్లీ పోవడం, కొడుకు పుట్టడం ఒకే రోజు. అమ్మ ఏమైనా అందా అని తరవాత అక్కని అడిగితే, ఏమీ అనలేదు, నిద్రలోనే పోయింది అని చెప్పింది లవోన్. ఇన్నేళ్ళూ ఈవిడ అదే నమ్మింది.

పెద్దత్తయ్య తలవంచుకుని చెప్పింది. గొంతు ఎప్పటిలాగే గరుగ్గా ఉంది గానీ మాటలు ఆగి ఆగి వచ్చాయి. "పెద్దదాన్ని నేను, చూసుకుంది నేను, గిన్నె మాత్రం నీకా అని నాకు కుళ్ళు పుట్టింది. చెప్పకుండా ఊరుకుని, నేనే తెచ్చేసుకున్నా. నువ్వు అరువడిగినప్పుడు నాకు భయం వేసింది, నీకెవరైనా చెప్పేశారేమోనని. అది తిరిగి రాకపోతే, తెలిసిపోయి దాచేసుకుందనుకున్నా. నీ చోట నేనుంటే అదే చేసేదాన్ని కదే. అందుకే నువ్వూ చేశావనుకున్నా." అక్కడ ఆగి, డాక్టర్ చేతిలోని మూత వంక చూసింది. "నువ్వు దొంగవి కావే ఆర్డీ. నేనే దొంగని" అంది.

 డాక్టర్ ఎస్పినోజా మూత పట్టుకుని అలాగే నిలబడింది. ఇప్పుడు మా అత్తగారు విరుచుకుపడుతుంది, పడాలి కూడా, నేనైతే పడేదాన్ని అనుకున్నాను. ఇన్నేళ్ళ థాంక్స్‌గివింగులు నా కళ్ళముందు తిరిగాయి. ఆవిడ కుర్చీ దగ్గరికి వచ్చి అక్క ముందు నిలబడింది.  చేతిసంచి ఎత్తితే కొడుతుందేమోనని ఒక అడుగు ముందుకేశాను కూడా.

"ఇంకేమంది?" అంది మా అత్తగారు.

పెద్దత్తయ్య తలెత్తింది.

"అమ్మ. నాకిమ్మంది, సరే. ఇంకేమంది? నా గురించి ఏమంది? అంతా చెప్పు. ఒక్కటి కూడా మింగావంటే ఊరుకోను."

పెద్దత్తయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మూతి మాత్రం నవ్వుకి వంకరపోయింది. "నీకు వంట చేతకాదంది. 'చిన్నదానికి పొయ్యి మీద ధ్యాస ఉండదు, పుస్తకం పట్టుకు కూర్చుంటుంది, అన్నీ మాడబెడుతుంది. ఆ గిన్నెలో అయితే మాడవు. దానికియ్యి. పసివాడితో తిప్పలు పడుతుంది పాపం' అంది."

"పసివాడా? మగపిల్లాడని అమ్మకి తెలిసిందా?"

"తెలిసింది. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. చెవిలో అరిచి చెప్పాను. నవ్వింది. నీ పేరు రెండుసార్లు పిలిచింది. తరవాతే నిద్రపోయింది."

 నేను పట్టుకోబోయేలోపే మా అత్తగారు చక్రాల కుర్చీ పక్కన, బాగుచేసిన ఆ కొత్త నేల మీద కూలబడి, అక్క ఒళ్ళో తలపెట్టి బావురుమంది. ఎనభై రెండేళ్ళ మనిషి చంటిపిల్లలా ఏడ్చింది. పెద్దత్తయ్య ఆవిడ జుట్టు సవరిస్తూ, క్షమించవే, క్షమించవే అని గొణుగుతోంది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు. ఆ ఇల్లు జనానికి చూపిస్తూ ఇన్నేళ్ళు గడిపాను గానీ, అది ఒకప్పుడు మనుషులు ఏడ్చిన ఇల్లని నాకు అప్పుడే తెలిసింది.

కాసేపటికి డాక్టర్ ఎస్పినోజా గొంతు సవరించుకుని, గిన్నె మీకు తిరిగి ఇప్పించడానికి పద్ధతి ఉంది, కొన్ని నెలలు పడుతుంది, మొదలుపెట్టమంటారా అని అడిగింది. మా అత్తగారు ఆవిడ మాట వినిపించుకోలేదు. గిన్నె వైపు తిరిగి చూడనైనా లేదు. అక్క మోకాలు మీద గడ్డం ఆనించుకుని మొహంలోకి చూస్తోంది.

"మళ్ళీ చెప్పవే" అంది. "నా పేరు పిలిచిందన్నావే, అక్కణ్ణుంచి చెప్పు."

పెద్దత్తయ్య మళ్ళీ చెప్పింది.